బాలింతల కోసం గుమ్మంలో నిలబడ్డ అత్తగారు

మా అత్తగారు పోయిన సోమవారం కంకిపాడులో, మా ఇంట్లోనే కన్నుమూశారు. ఊళ్ళో ఆవిడను మొండిమనిషి అనేవారు. ఆ మొండితనం వల్లే నేను బతికి ఉన్నాను కాబట్టి, నాకది పొగడ్తలాగే వినిపిస్తుంది.

డెబ్బయ్యో దశకం మొదట్లో, మా పెద్దమ్మాయి పుట్టాక, పుట్టింటి నుంచి వచ్చిన కొత్తలో సంగతి. బిడ్డ ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. నిద్ర లేదు, తిండి సహించేది కాదు. బతకాలని లేదని ఒకరోజు పైకే అనేశాను.

అత్తగారి పెద్దాడపడుచు మంత్రగాణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో వాకిట్లోకి వచ్చేసరికి అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"వదినగారూ, నా మొదటి కాన్పుకీ ఇలాగే పిలిపించారు. ఆ దెబ్బలు నేను మర్చిపోలేదు. దీని ఒంటిమీద మండ పడనివ్వను."

"దానికి గాలి సోకిందే."

"గాలీ లేదు, ధూళీ లేదండీ. మనసుకి జబ్బు చేసింది. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోమా?"

మర్నాడే నన్నూ బిడ్డనూ బస్సెక్కించి బెజవాడ తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ మందులిచ్చి, "ఒంటరిగా ఉంచకండి. తనలాంటి తల్లులతో మాట్లాడనివ్వండి" అంది. అత్తగారు ఆ మాట పట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి, నాలాగే ముడుచుకుపోయిన బాలింతలను పోగుచేశారు. గురువారం మధ్యాహ్నాలు మా వసారాలో చాపలు పరిచేవారు. మాకు కాఫీలిచ్చి, పిల్లల్ని తన ఒళ్ళో వేసుకునేవారు. సలహాలు చెప్పేవారు కాదు. "ఏడుపొస్తే ఏడవండే. నువ్వు తల్లివేనా అని ఇక్కడెవరూ అడగరు" అనేవారు.

మొదటిరోజు ఒకమ్మాయి తల వంచుకుని, "నా బిడ్డను చూస్తే నాకేమీ అనిపించట్లేదు" అంది. "నాకూ అంతే" అన్నాను. లోకంలో నేనొక్కదాన్నే అలాంటిదాన్నని అప్పటిదాకా అనుకున్నాను.

కోడళ్ళను చెడగొడుతోందని ఊరు గోలపెట్టింది. ఆ అమ్మాయి అత్త వచ్చి, చెయ్యిపట్టి లాక్కుపోబోయింది. మా అత్తగారు మధ్యకు వచ్చి, "తర్వాత తీసుకెళ్దురుగాని, ముందు కూర్చోండి. మీ కాన్పులప్పుడు ఎలా ఉందని మిమ్మల్నెవరన్నా అడిగారా?" అన్నారు. ఆవిడ కోడలి చెయ్యి వదిలేసింది. చివరికి చాప అంచున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్ని నెలలకు నేను కోలుకున్నాను, డాక్టరమ్మ మందులు ఆపేసింది. గురువారాలు మాత్రం ఏళ్ళ తరబడి సాగాయి. మీ ఇంట్లో బాలింత గోడవైపు తిరిగి పడుకుంటే గాలి అనకండి. పక్కన కూర్చోండి. మా అత్తగారు చేసింది అదే.

అత్తగారిని సాగనంపేటప్పుడు, ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని పెద్దలు అడ్డుచెప్పారు. గురువారాలు మా వసారాలో కూర్చున్నవాళ్ళం ఎవరమూ వాదించలేదు. పాడె లేవగానే వెనకే నడిచాం. పొలాల మధ్య మలుపు దగ్గర తిరిగి చూస్తే, డొంకదారి పొడుగునా చీరలే.