పెరుగు గంపలో పుస్తకాలు

నేనేం చెప్పినా అందులో సగం తీసేసి నమ్మమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ కాఫీతో పాటే చెబుతుంది. మీకు నేనే ముందుగా చెప్పేస్తున్నాను, ఆమెకు శ్రమ లేకుండా. మొన్న తిరుపతిలో మా వీధి మలుపున గ్రంథాలయం వాళ్ళ మోటారు బండి వచ్చి ఆగింది. లోపల అరల నిండా పుస్తకాలు, ముందర హారను. ఆ మోతకు నాలుగు వీధుల అవతల పడుకున్న గేదెలు లేచి నిలబడ్డాయి. ఆడవాళ్ళు వచ్చి, పుస్తకాలు తిరగేసి, నచ్చినవి సంచుల్లో వేసుకుని వెళ్ళారు. ఇదేదో లోకంలో లేని వింత అన్నట్టు పక్కింటాయన చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. పుస్తకాలు ఇంటింటికీ తిరగడం నేను పాతికేళ్ళ కిందటే చంద్రగిరిలో చూశాను. ఆ బండికి చక్రాలు లేవు. రెండు కాళ్ళు, నెత్తిన ఒక గంప, గంపలో పెరుగు చట్టి.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నేను కొత్తగా బడిలో అయివారుగా చేరి, చంద్రగిరిలో మా మేనమామ ఇంట్లో దిగాను. ఊరి గ్రంథాలయానికి కార్యదర్శి, గుమాస్తా, చీపురు పట్టే మనిషి అన్నీ మామే. గ్రంథాలయమంటే ఒక గది, ఒక అరుగు, రెండు బీరువాలు. బీరువా తలుపు కిర్రుమంటే కోట మీది పావురాలు లేచేవి. ఆయన రిజిస్టరు మూయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అన్ని పుస్తకాలకు కాపలా కాసిన మనిషి జన్మలో ఒక్క నవలైనా చదవలేదు. నవల చదివితే కళ్ళు పోతాయని ఆయనకు గట్టి నమ్మకం. మరి పుస్తకం బాగుందో లేదో ఎలా తెలిసేదంటే, మరకలను బట్టి. పసుపు వేళ్ళ గుర్తులు, పులుసు చుక్కలు ఏ పుట దాకా ఉంటే అంతవరకు చదివినట్టు. మరక లేకుండా తిరిగొచ్చిన పుస్తకాన్ని జాలిగా చూసి కింది అరలోకి తోసేవాడు.

ఆ మరకలన్నీ ఆడవాళ్ళవి. వాళ్ళు గ్రంథాలయం మెట్లెక్కే వాడుక అప్పట్లో లేదు. అందుకని మామ పెరుగవ్వను పట్టుకున్నాడు. ఆమె రోజూ పొద్దున్నే ఇరవై ఇళ్ళకు పెరుగు పోసేది. గరిటెతో కాదు, కొడవలితో కోసి ఇవ్వాల్సిన పెరుగు అది. పాత పంచె గుడ్డలో చుట్టిన పుస్తకాలు చట్టి పక్కన పెట్టుకుని పోయి, ఒకింట్లో ఇచ్చి ఇంకోయింట్లో తీసుకునేది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. అట్ట రంగును బట్టే ఏది ఏదో గుర్తు. ఈ పనికి ఏమిస్తామన్నా వద్దంది. పుస్తకం తిరిగిచ్చే ఇల్లాలు పెరుగు పోయించుకుంటూ అందులోని కథ చెప్పాలి, అదొక్కటే ఆమె షరతు. కథ చెప్పనిదే ఇంకో పుస్తకం గంపలోంచి పైకి వచ్చేది కాదు. అలా కొన్నాళ్ళకు బీరువాల్లో ఉన్నవాటికంటే ఎక్కువ కథలు ఆమె దగ్గర పోగుపడ్డాయి. ఎవరు ఏది చదవాలో అవ్వే తేల్చేది. "నువ్వు ఇది సదవద్దులేమ్మా, నీకు నెలలు నిండినాయి, దీంట్లో ఏడుపు జాస్తి" అని ఒకామెకు ఇచ్చిన పుస్తకాన్నే వెనక్కి లాక్కుందట.

అవ్వకు ఒక్కతే కూతురు. మొగుడితో కోలారు గనులకు పోయి రెండేళ్ళయింది. జాబు లేదు, కబురు లేదు. ఈ సంగతి నాకు మామ చెప్పాడు. అవ్వ మాత్రం ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తేది కాదు.

అప్పుడొక ఎర్రట్ట నవల వచ్చింది. తల్లి మీద అలిగి ఇల్లు విడిచిపోయిన పిల్ల కథ. గంపలోంచి దిగిన మొదటి ఇంట్లోనే, ఇల్లాలు ముగింపు దాకా రాకముందే, ఆ ఇంటి దూడ చివరి పది పుటలు నమిలేసింది. నమిలాక మూడు రోజులు గడ్డి ముట్టకుండా ఆలోచిస్తూ నిలబడిందట. దూడకైనా తెలిసింది, పిల్ల ఏమైందో మిగతా ఊరికి తెలియలేదు. చివర లేకుండానే పుస్తకం ఇల్లిల్లూ తిరిగింది. ఒక సాయంత్రం, ఎన్నడూ అరుగు దాటి లోపలికి రాని పెరుగవ్వ, గంప బయట దించి గదిలోకి వచ్చింది.

"ఆ బిడ్డ మళ్ళీ ఇల్లు సేరినాదా సామీ?" అని మామను అడిగింది.

మామ రిజిస్టరు తిరగేశాడు. పుస్తకం సంఖ్య ఉంది, వచ్చిన తేదీ ఉంది, పిల్ల లేదు. తను చదవనని ఒప్పుకున్నాడు.

"పెరుగమ్మేదాన్ని, పెరుగు పులిసినాదో లేదో నాకు తెలీకుంటే ఎట్ల?" అంది అవ్వ, మెల్లగానే.

మామ నా వైపు చూశాడు. చిత్తూరులో చదువుకునే రోజుల్లోనే ఆ నవల నేను చదివాను. చివర్లో పిల్ల ఏరు దాటుతూ కొట్టుకుపోతుంది. తల్లికి కొంగు ముక్క ఒకటి దొరుకుతుంది. చెప్పడానికి నోరు తెరిచాను. అవ్వ నా నోటినే చూస్తోంది. చేతులు మాత్రం ఆ పంచె గుడ్డను మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాయి.

"చేరింది అవ్వా" అన్నాను.

"ఎప్పుడు?"

"వానలు పోయినాక. పొద్దున్నే, తల్లి కల్లాపి జల్లతా ఉంటే వచ్చింది."

"ఒగతే వచ్చినాదా, బిడ్డనెత్తుకోని వచ్చినాదా?"

"ఎత్తుకోనే."

"మొగబిడ్డా, ఆడబిడ్డా?"

నవల రాసినాయన కూడా ఇంత ఇబ్బంది పడి ఉండడు. ఆడబిడ్డ అన్నాను. అవ్వ తలూపి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దెక్కేలోగా ఇరవై ఇళ్ళకూ ఆ ముగింపు పెరుగుతో పాటు అందింది. నాలుగు నెలలకు మామ మంచి ప్రతి ఒకటి తెప్పిస్తే, చదివిన ఇల్లాళ్ళంతా అవ్వను నిలదీశారు. "అయివారు సెప్పింది నేను సెవులారా ఇన్నాను. అచ్చేసినోడే తప్పు ఏసినాడు" అని ఆమె గంప ఎత్తుకుంది. అంతటితో సరి. ఎర్రట్ట పిల్ల చంద్రగిరిలో బతికిపోయింది.

ఆ మరుసటి వానాకాలం వెళ్ళాక, ఒక పొద్దున చిత్తూరు నుంచి, పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సు వచ్చి ఆగింది. ఆ పొగలో ఊరు సగం మాయమైంది. పొగలోంచి, చంకన బిడ్డతో, ఒక పిల్ల దిగింది. అవ్వ చేతిలోంచి చట్టి జారి, పెరుగు వీధి పొడవునా పారింది.

ఇంతవరకు చెప్పినవన్నీ జరిగినవాటికి కాస్త గాలి కొట్టినవే. ఈ బస్సు మాత్రం నేను తెచ్చింది. ఆ వానలు రాకముందే నాకు మదనపల్లెకు బదిలీ అయింది. అవ్వ కూతురు వచ్చిందో లేదో నాకు తెలియదు. చంద్రగిరి ఇప్పుడు మా ఇంటికి బస్సులో అరగంట. వెళ్ళి ఎవరినైనా అడగొచ్చు. అడగలేదు. అడగనంతకాలం ఆ పిల్లకు వచ్చే వేళ ఇంకా మించిపోలేదనే అనిపిస్తుంది.