గోడ మీద జానెడెత్తు మరక

2023 వేసవి. ప్రభుత్వ పశువైద్యశాలలో డాక్టరుగా రిటైరయ్యాక నాచారంలో ఒక చిన్న క్లినిక్‌లో పొద్దుటిపూట కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఉప్పల్ నుంచి నరేశ్ అనే అతను ఫోన్ చేసి, తన పిల్లికి టీకా వేయడానికి ఇంటికి రమ్మన్నాడు. మగపిల్లి, పేరు సుల్తాన్. ఏడాది దాటింది, గడప దాటనివ్వరు.

తలుపు తీయగానే ఘాటైన వాసన. ఉద్యోగమంతా ఇలాంటి వాసనల మధ్యే గడిచింది కాబట్టి అదేమిటో నాకు వెంటనే తెలిసింది. నేను నోరు తెరిచేలోపే నరేశ్ భార్య సుజాత అందుకుంది.

"ఏమనుకోకున్రి సార్. మా అత్తమ్మకు కంట్రోల్ ఉంటలేదు. ఎంత ఫినాయిల్ కొట్టినా గిదే కంపు."

ఆ అత్తమ్మ, యాదమ్మ, హాల్లో కిటికీ పక్కన మంచం మీద తల వంచుకుని కూర్చుంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. రాత్రి తడుపుతుందని, సాయంత్రమైతే ఆమెకు మంచినీళ్ళు ఇవ్వడం మానేశారట. అంత ఎండల్లో! పైగా మంచాన్ని వెనక బాల్కనీలోకి మార్చాలని అక్కడ రేకులు వేయిస్తున్నారు.

ఇంటికి వెళ్ళి వైద్యం చేసేటప్పుడు, జంతువును ముట్టుకునే ముందు అది తిరిగే చోటంతా చూడటం నా పద్ధతి. యాదమ్మ బొంత పొడిగా ఉంది. మంచం కింద నేలా పొడిగానే ఉంది. తడి ఉన్నది గోడకు, పరదా అంచుకు. గోడ మీద జానెడెత్తున మరకలు, అక్కణ్ణుంచి కిందికి జారిన చారలు.

"నరేశ్, మీ అమ్మ నిలబడి గోడ మీద పోస్తదా?" అన్నాను.

అతను తెల్లబోయాడు. అంతలో కిటికీ బయట సజ్జ మీదికి ఒక వీధి గండుపిల్లి వచ్చి కూర్చుంది. సుల్తాన్ దాన్ని చూశాడు. పరదాకు వీపు తిప్పి, తోక నిటారుగా లేపి వణికిస్తూ, మా అందరి ముందే మూత్రం చిమ్మాడు.

దీన్ని మేం స్ప్రేయింగ్ అంటాం. ఆపరేషన్ చేయని మగపిల్లి 'ఈ చోటు నాది' అని చెప్పుకునే తీరు ఇది. కూర్చుని ముక్కుతూ చుక్కచుక్కగా పోస్తే అది జబ్బు, వెంటనే వైద్యం కావాలి. సుల్తాన్‌కు ఆ జబ్బు లేదు.

యాదమ్మ మెల్లగా అంది: "నేను గాదు బిడ్డా అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది సారూ. ఆఖరికి నేనేనేమో అనుకొని ఊకున్న."

నేను సుజాతకు వివరంగా చెప్పాను. న్యూటరింగ్, అంటే వృషణాలు తీసే ఆపరేషన్, చేయించాలి. తర్వాత కొన్ని వారాల్లో చాలా పిల్లుల్లో ఈ అలవాటు తగ్గుతుంది. వీధి పిల్లి కనబడకుండా అద్దం కింది భాగానికి కాగితం అంటించాలి. ఫినాయిల్ పిల్లికి హాని, అది మానేసి, మరకల్ని ఎంజైమ్ క్లీనర్‌తో తుడవాలి. అది వాసనను మూలంతో సహా విరగ్గొట్టే మందు.

నరేశ్ ముఖం ముడుచుకున్నాడు. "ఆపరేషనా? పాపం గద సార్. నోరులేని జీవి."

నాకు ఒళ్ళు మండింది. "మీ అమ్మకు నోరుంది కదయ్యా. ఏం లాభమైంది? పిల్లి మీద ఇంత జాలి ఉన్నవాడివి, ఆమెకు గ్లాసు నీళ్ళు ఎట్ల ఆపినవ్?"

సుజాత లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. యాదమ్మ గటగటా తాగి, ఖాళీ చెంబు మళ్ళీ ముందుకు చాపింది.

ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాల తర్వాత చూడటానికి వెళ్తే వాసన లేదు. మంచం కిటికీ పక్కనే ఉంది, తల దగ్గర నిండు చెంబు. సుల్తాన్ ఆమె కాళ్ళ దగ్గర పడుకున్నాడు.

"తప్పు వీనిదని తెలిసినంక గూడ వీనికి ఒక్కపూట నీళ్ళు బంద్ చెయ్యలే, సూసినవా సారూ?" అని నవ్వింది యాదమ్మ. నరేశ్ ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఇంట్లో పిల్లి వాసన వస్తోందంటూ ఎవరు వచ్చినా, పిల్లి వయసు తర్వాత అడుగుతాను. ముందు, ఇంట్లో పెద్దవాళ్ళున్నారా, వాళ్ళు నీళ్ళు సరిగ్గా తాగుతున్నారా అని అడుగుతాను.