నాలుగు చీరల జోలె

మా పనివాళ్లలో ఒక అక్క ఉండేది. చెరువు పక్క ఊరే ఆమెది. ఆ ఊరి చేలల్లో ఇప్పుడు అద్దాల ఆఫీసులున్నాయి. రాయదుర్గం దగ్గర ఆ చెరువు దాటే వంతెనకు మేము జాయింట్లు బాగుచేసేవాళ్లం. ఎండకు వంతెన సాగుతుంది కదా, అందుకని మధ్యలో సందు వదిలి రబ్బరు బిగిస్తారు. అందులో బండ్ల నూనె పట్టిన మట్టీ, గాజుపెంకులూ పేరుకుంటే రబ్బరు చిరుగుతుంది. వాటిని గోకి తీయించడం నా ఉద్యోగం. కొత్త ఇంజనీరుని, ఒళ్లంతా తొందరే.

అక్క తన పాత నూలుచీరలు నాలుగు కలిపి జోలె కుట్టింది. పని మొదలుపెట్టే ముందు గట్టు మెట్లు దిగి, జాయింటు కింద దాన్ని నాలుగు మూలలా కట్టేది. గోకిందంతా అందులోనే పడాలి. ఆమె భర్త అదే చెరువులో వల వేసేవాడు. నూనె మట్టి పడితే చేపలు చస్తాయని వలలవాళ్లు మొదట్లో మా పనికి అడ్డం తిరిగారు. రవ్వంత కూడా పడదనీ, పడితే తాను పని మానేస్తాననీ అక్క వాళ్లందరి ముందూ మాటిచ్చింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక ఆదివారం ఉదయం మనవరాలికి జ్వరమని ఆమె దవాఖానకు వెళ్లింది. జోలె ఆమె ఇంట్లోనే ఉంది. పదింటికల్లా బండ్లు వదలాలని పోలీసాయన పోరు. ఒక్క జాయింటే కదా, ఏమవుతుందిలే అనుకుని గోకించేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

అక్క జోలె చంకన పెట్టుకుని వచ్చేసరికి నీళ్ల మీద నూనె తెట్టు తేలుతోంది. కింద ఆమె భర్త తెప్ప ఆపి పైకి చూస్తున్నాడు. అక్క నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

"నా మాట పోయింది సారూ. ఇగ నేను రాను. జోలె నీ దగ్గర్నే ఉంచు."

ఇంటికి వెళ్లి బతిమాలాను. చాయ్ ఇచ్చి పంపింది, పనికి మాత్రం రాలేదు. పని రోజుల్లో ఫుట్‌పాత్ మీద కూర్చుని ఆమె పెట్టిన జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు ఇప్పటికీ గుర్తొస్తాయి. అప్పట్నుంచి ఏ వంతెనకు వెళ్లినా ఆ జోలె నాతోనే. చిరిగిన చోటల్లా నేనే అతుకు వేశాను. కుర్ర ఇంజనీర్లు నవ్వుతారు, నవ్వనీ.

మొన్న మళ్లీ అదే వంతెన మీద, కింద జోలె కట్టి, రబ్బరు మారుస్తున్నాం. తల ముగ్గుబుట్టలా నెరిసిన ఒక ముసలామె వచ్చి, కమ్మీ పట్టుకుని ముందు కిందికి వంగి చూసింది. ఆ తర్వాతే నా వంక చూసింది.

"గా మూల ముడి వదులుగున్నది సారూ" అంది అక్క.

వద్దంటున్నా వినకుండా మెట్లు దిగి, ఆ ముడి విప్పి తన చేతులతో మళ్లీ కట్టింది.