ఆరున్నొక్కటి

1969లో ఉద్యమంతో బడులు మూతపడినప్పుడు, ఖాజాగూడ రాతి క్వారీలో కొలతలు రాసే నేను, అక్కడే రాళ్లు కొట్టే మల్లయ్య కూతురు అంజమ్మకు లెక్కలు నేర్పాను. నేను బడికి పోలేదు. ధాన్యం కొలిచేవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఏడు అంటే ఏడుపని వాళ్లు ‘ఆరున్నొక్కటి’ అంటారు. అంజమ్మకూ అదే అలవాటు చేశాను.

లెక్క వచ్చినా ఆ పిల్ల నోరు విప్పేది కాదు. బెరుకు పోవాలని ఒక మధ్యాహ్నం పేలుళ్లు లెక్కపెట్టే పని ఆమెకే ఇచ్చాను. బండను ఏడు చోట్ల తొలిచి మందు కూరారు. వత్తులంటించి అందరం రాళ్ల చాటుకు చేరాం. ఏడూ పేలాకే ఎవరైనా కదలాలి.

"నోట్ల ముత్యాలున్నయా ఏందే? జర గట్టిగ చెప్పు!" అని మల్లయ్య నవ్వాడు.

ఒకదాని వెంట ఒకటి పేలి మోతలు ఆగాయి. ప్రతిధ్వనులు కలిసి నాకే లెక్క తప్పింది.

"ఆరు... ఉన్నదొక్కటి!" అంది అంజమ్మ. ఇంకొకటి మిగిలిందని ఆమె చెబితే, మాకు ‘ఆరున్నొక్కటి’ అని వినిపించింది.

"షాబాష్ బిడ్డా!" అంటూ మల్లయ్య బండవైపు నడిచాడు. నేనూ తలూపాను.

అంజమ్మ నా చెయ్యి విదిలించుకుని లేచింది. "ఏడోది పేలలే నాయినా! సారుకు తెల్వది, ఏడోది పేలలే!"

మల్లయ్య పక్కకు దూకాడు. ఏడోది పేలింది.

నేను తలూపినా కాదని అరిచిన ఆ ధైర్యం వల్లే ఆయన బతికాడు. ఇప్పుడు పిల్లలకు ఏడును ఏడనే నేర్పుతున్నాను. కానీ ఏది లెక్కపెట్టినా ఆరు దగ్గర ఆగిపోతాను. ఎదురుగా బండవైపు నడుస్తున్న మల్లయ్య వీపు కనిపిస్తుంది.