బోరు నీళ్లలో ఉబ్బని గుళికలు

మాది రెంటచింతల దగ్గర పల్లె. నిరుడు నీళ్లందక మా మిరప తోట ఎండిపోతే, ఈసారి నేను పంచదార పలుకుల్లా ఉండే జెల్ గుళికలు తెచ్చాను. అవి నీళ్లు తాగి ఉబ్బుతాయని, నేల ఎండితే ఆ తడిని వేళ్లకు వదులుతాయని పదిమంది రైతుల ముందు చెప్పి, గ్లాసులో బోరు నీళ్లు పోసి చూపించాను. అరగంటైనా గుళికలు సరిగ్గా ఉబ్బలేదు.

"ఏందమ్మాయ్, పంచదార కొనుక్కొచ్చావా?" అన్నాడు మా మామయ్య. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అయినా వదల్లేదు. ఇంట్లో తాగే క్యాన్ నీళ్లు పోసి చూస్తే గ్లాసు నిండా ఉబ్బాయి. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ, అదీ సంగతి! మర్నాడు వాళ్లనే పిలిచి రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టాను.

మామయ్య రెండు గ్లాసులూ ఎత్తి చూసి, "వాన నీళ్లలో ఉప్పుండదు గదా, అయితే వానకు ముందే వేద్దాం. ఒక ఎకరం నువ్వే చూసుకో" అన్నాడు.

నవ్వారని ఆగిపోతే ఎందుకు ఉబ్బలేదో నాకూ తెలిసేది కాదు.