పాలకాయతిప్పలో పడిన బండి

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం గుడివాడలో టీచర్లం. సెలవులొస్తే మోటారుసైకిల్ మీద సముద్రం అంచునే, రోడ్డున్నా లేకపోయినా, వీలైనంత దూరం వెళ్లాలని ఇద్దరికీ కోరిక. అందుకు తగ్గ బండి కోసం వెళ్తే మెకానిక్ రెండు పాత బండ్లు చూపించాడు. ఒకటి మూడువందల యాభై సీసీ, ఇనపముద్ద. రెండోది అందులో సగం ఇంజను, నేలకి ఎత్తుగా, సన్నగా ఉంది. మా ఆయన చూపు మొదటిదాని మీద నుంచి కదల్లేదు.

"నడిపి చూడండి సార్. నచ్చితేనే మాట్లాడుకుందాం," అన్నాడు మెకానిక్.

ఆదివారం పొద్దున్నే ఆ పెద్దబండి మీద బందరు, అవనిగడ్డ, కోడూరు దాటి పాలకాయతిప్ప సముద్రపొడ్డుకి చేరాం. నీటి అంచున గట్టి ఇసకలోనూ అది హాయిగా సాగింది.

"చూశావా!" అంటూ మా ఆయన ఇంకా ముందుకి పోనిచ్చారు. అక్కడో చిన్న పాయ సముద్రంలో కలుస్తోంది. దాని ఒండ్రులో వెనకచక్రం దిగబడింది. ఆయన యాక్సిలరేటరు గట్టిగా తిప్పేసరికి ఇంకా లోతుకి పోయి, బండి పక్కకి ఒరిగింది. నేను ఎగిరి అవతల పడ్డాను. ఆయన కుడికాలు బండి కింద ఉండిపోయింది.

"సైలెన్సరు కాలుతోంది... లేపు!"

హ్యాండిల్ పట్టుకుని శక్తంతా పెట్టి లాగాను. బండి కదల్లేదు. నా కాళ్లే మోకాళ్లదాకా దిగాయి. దూరంగా వల లాగుతున్న ఇద్దరు కనిపిస్తే గొంతు చించుకుని అరిచాను. గాలి ఇటు వీస్తోంది, వాళ్లకి వినపడలేదు. అంతలో పాయలోకి నీళ్లు ఎదురు రావడం చూశాను. పోటు మొదలైంది.

"నువ్వెళ్లి వాళ్లని పిలుచుకురా," అన్నారాయన.

"నేనొచ్చేసరికి నీళ్లెక్కడుంటాయో తెలుసా?"

సంచిలోంచి టిఫిన్ బాక్సు మూత తీసి ఆయన కాలికింద ఒండ్రు తవ్వడం మొదలుపెట్టాను. తవ్విన గుంటలోకి మళ్లీ ఒండ్రు జారుతోంది. నీళ్లు ఆయన మోచేతులు దాటాయి. ఆయన మాట్లాడటం మానేశారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అప్పుడే. చివరికి మడమ కింద ఖాళీ దొరికింది. భుజాలు పట్టి వెనక్కి లాగితే చెప్పు లోపలే ఉండిపోయి కాలు బయటపడింది.

మమ్మల్ని చూసి వల వదిలేసి ఆ ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. "పోటప్పుడు ఇటెందుకొచ్చారండీ!" అని కేకలేస్తూనే బండిని ఒడ్డుకి ఈడ్చారు.

పిక్క మీద బొబ్బ ఆరకముందే ఆయన అన్నారు: "యాక్సిలరేటరు తిప్పడం నా పొరపాటు. బండిని అనకు."

"బండిని అనటం లేదండీ. మనం వెళ్లేచోట మనిద్దరమే ఉంటాం. నేనొక్కదాన్నే లేపలేని బండి మనకొద్దు."

మర్నాడు మెకానిక్ షెడ్డుకి వెళ్లి రెండో బండిని నేలమీద పడుకోబెట్టమన్నాను. మెకానిక్ మా ఆయన వంక చూశాడు. ఆయన తలూపారు. సీటుకి నడుము ఆనించి, మడమలు తన్నిపెట్టి లేపాను. మొదటిసారి సగంలో జారిపోయింది. రెండోసారి నిలబడింది.

మా ఆయన ఆ బండికే బేరం కుదిర్చారు. తర్వాత తాళం నా చేతిలో పెట్టి, "నడపడం కూడా నేర్చుకో," అన్నారు.

ముదినేపల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద నేర్చుకున్నాను.