గూడబాతు కోసం వెళ్ళిన ఆదివారం

మొన్న మా మనవరాలు బాల్కనీలో వాలిన పావురానికి సెల్‌ఫోన్‌తో గబగబా అరవై ఫోటోలు తీసి, ఒకటి ఉంచుకుని మిగతావన్నీ తుడిచేసింది. మా ఆయన ఉండి చూసుంటే ఆ పూట అన్నం సయించేది కాదు. ఆయన లెక్కలో ఫిలిం రీలంటే ముప్పయ్యారు ఫోటోలు, ఒక్కో ఫోటోకి ఒక్కో ఆదివారం.

పెళ్ళయి నేను విశాఖపట్నం వచ్చింది డెబ్భైల చివర్లో. ఆయన ఓడరేవులో గుమస్తా. మాది ఒంటిగది ఇల్లు. కిటికీ తెరిస్తే ఇనప ఖనిజం ఎర్రధూళి కంచంలో పడేది కాబట్టి ఎప్పుడూ మూసే ఉండేది. ఉన్న ఒక్క స్నానాలగదిలో ఆయన ఎర్రబల్బు పెట్టుకుని ఫోటోలు కడుగుతుంటే, నేను తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడేదాన్ని. "తలుపు తియ్యకు, పిట్ట పోద్ది" అనేవారు లోపల్నుంచి. పొలాల్లో తిరిగి పెరిగినదాన్ని, ఆ నాలుగ్గోడల మధ్య నాకు ఊపిరాడేది కాదు. ఇద్దరం రోజుకి పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. ఒక ఆదివారం ఆయన పిట్టల్ని ఫోటో తియ్యడానికి బయల్దేరుతుంటే, ఉండబట్టలేక "నానూ వత్తాను" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, ముదురురంగు చీర కట్టుకోమన్నారు.

ఓడరేవు వెనక ఉప్పుటేరు, దాని పక్కన మడచెట్లు. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. అవతలి ఒడ్డున, పొడుగు ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు ఒకటి కూర్చుని ఉంది. ఆయన కెమెరా మెడలో వేసుకుని, దాని తోలుపెట్టె భుజానికి తగిలించుకుని ముందుకి నడిచారు. పదడుగులు వెళ్ళేసరికి తొడల దాకా దిగబడిపోయారు. చెయ్యి పట్టి లాగబోయి నేనూ దిగబడ్డాను. మా పొలంలో బురద కాళ్ళు కడుక్కుంటే పోయేది. ఇది కాలు పట్టుకుని వదలదు. కదిలినకొద్దీ ఇంకాస్త కిందికి లాగుతోంది.

ఆ పక్షి ఎగిరిపోలేదు. మేం కదల్లేమని తెలిసిపోయినట్టు మెల్లగా ఈదుకుంటూ మా ముందుకే వచ్చింది. ఆయన కెమెరా ఎత్తారు.

"నాను కూరుకుపోతంటే మీరు ఫోటో తీత్తన్నారా?"

"కదలకు. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు."

కదలడానికి నాకు కాళ్ళెక్కడున్నాయి? ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఆయన రీల్లో మిగిలిందంతా పూర్తిచేసి, కెమెరాని పెట్టెలో పెట్టి మూశాక గాని చూసుకోలేదు, పోటు మొదలై నీళ్ళు నా నడుం దాకా వచ్చాయని. అప్పుడు ఆయన మొహం పాలిపోయింది. ఇద్దరం కేకలు వేశాం. దూరంగా ఓడ కూత తప్ప జవాబు లేదు.

చాలాసేపటికి గుల్లలేరుకునే ముసలమ్మ ఒకామె బుట్టతో మడచెట్ల మధ్యనుంచి వచ్చింది. మమ్మల్ని చూసి కంగారుపడలేదు. కొమ్మలు విరిచి మా ముందుకి విసిరింది. "లాక్కోకండమ్మా, ఇంకా దిగిపోతారు. కొమ్మల మీద బోర్లా పడుకుని, ఒక్కో కాలూ ఆడించి తియ్యండి" అంది. పడుకున్నాను. కాలు కాస్త వదులైంది గాని, మోకాలు ఆనించుకుందామంటే కొమ్మలు నాతోపాటే దిగిపోతున్నాయి. నీళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"మోకాలి కింద గట్టిదేదైనా పెట్టు బావూ" అని అరిచింది ముసలమ్మ.

ఆయన దగ్గర గట్టిది ఒక్కటే ఉంది. భుజాన్నుంచి పెట్టె తీసి, ఒక్క క్షణం రెండు చేతులతో పట్టుకున్నారు. తరవాత వంగి, నీళ్ళలో నా మోకాలి కిందికి తోసి అదిమిపట్టారు. "తొక్కు" అన్నారు. తొక్కాను. లోపల ఏదో టప్పుమంది. ఆ ఊతంతో కాలు ఊడివచ్చింది. పాక్కుంటూ గట్టు చేరాను. నా వెనకే అవే కొమ్మలు పట్టుకుని, ఛాతీ దాకా నీళ్ళలోంచి ఆయన వచ్చారు. పెట్టె రాలేదు.

"పెట్టెలో ఏటుంది బావూ?" అని అడిగింది ముసలమ్మ.

"ఏటీ లేదప్పా" అన్నారాయన.

ఇంటికి నడుస్తూ దారంతా మాట్లాడారు. ఆ పక్షి కంటిచుట్టూ ఉన్న రంగు గురించి, చిన్నప్పుడు చచ్చిపోయిన తమ్ముడి గురించి, నేను అరిచినా వినిపించుకోనందుకు తనకెంత సిగ్గుగా ఉందో. చాలా ఏళ్ళ దాకా ఆయన మళ్ళీ కెమెరా కొనలేదు. ఆదివారాలు మాత్రం ఇద్దరం వెళ్ళి, గట్టునే కూర్చుని, ఉత్త కళ్ళతో పిట్టల్ని చూసి వచ్చేవాళ్ళం.

ఆయనతో బతికిన ఏళ్ళు ఎటు పోయాయో నాకు తెలియదు. నీళ్ళు నడుం నుంచి గడ్డం దాకా ఎక్కిన ఆ కాసేపు మాత్రం ఇప్పటికీ గడవకుండా అక్కడే నిలబడి ఉంది.